నాలుగో ప్రయత్నం

29 జనవరి 2024, సోమవారం
నోవై, మిషిగన్

నిన్న రాత్రి మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఓడిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కో 34, మనం 31. గెలిచి ఉంటే ఫిబ్రవరి 11న లాస్ వేగాస్‌లో సూపర్ బౌల్, అంటే ఫైనల్, ఆడేవాళ్లం. ఆ పోటీలో ఇంతవరకు ఒక్కసారి కూడా అడుగుపెట్టని జట్టు ఇది. సగం ఆట ముగిసేసరికి 24–7తో ముందున్నాం. ఆ విరామంలో ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో లాస్ వేగాస్ విమాన టికెట్ల ధరలు చూసి ఉంటారో! మా ఇంట్లోనూ చూశాం.

పొద్దున అమ్మాయి 14వ నంబరు నీలం జెర్సీ వేసుకునే స్కూలుకు బయలుదేరింది. “ఓడిపోయాం కదమ్మా, ఇవాళ కూడానా?” అని వాళ్ల నాన్న అడిగితే, “ఇవాళ మానేస్తే బాగుండదు నాన్నా” అని సంచి తగిలించుకుంది. రాత్రి ఏడ్చి ఏడ్చి కళ్లు ఇంకా ఉబ్బే ఉన్నాయి. 14 అంటే అమన్-రా సెయింట్ బ్రౌన్. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే చోట, అతనికంటే ముందు 16 మంది రిసీవర్లను (విసిరిన బంతి పట్టేవాళ్లను) జట్లు ఎంచుకున్నాయి. తనను కాదని తీసుకున్న ఆ 16 మంది పేర్లనూ అతను వరసగా చెబుతాడు. ఈ సీజన్‌లో 119 సార్లు బంతి పట్టి 1,515 గజాలు సాధించాడు. మా అమ్మాయికి ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చు.

ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం ఒకాయన లేచి బోర్డు మీదున్న బ్రేకు డ్రాయింగు తుడిచేసి, నీలం మార్కరుతో అయిదు గుండ్రాలు గీశాడు. అందరికీ అర్థమైపోయింది. మూడో క్వార్టర్, 24–10, ప్రత్యర్థి గీతకు 28 గజాల దూరం, నాలుగో ప్రయత్నం, ఇంకా రెండు గజాలు కావాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడని మా వాళ్ల కోసం ఒక్క మాట. బంతి చేతికొచ్చిన జట్టుకు పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. మూడింట్లో కాకపోతే, చాలామంది కోచ్‌లు నాలుగోదాన్ని ఆడరు. గోలు దగ్గరలో ఉంటే బంతిని కంబాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తీసుకుంటారు, దూరంగా ఉంటే అవతలి కొసకు తన్నేస్తారు. ఆడి విఫలమైతే బంతి ఉన్నచోటే ప్రత్యర్థికి దక్కుతుంది. మన కోచ్ డాన్ క్యాంబెల్ నాలుగో ప్రయత్నం కూడా ఆడిస్తాడు. నిన్నా ఆడించాడు. మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, జారెడ్ గాఫ్ విసిరిన బంతి జాష్ రెనాల్డ్స్ చేతులకు తగిలి కింద పడింది.

తరవాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ దూరంగా విసిరిన బంతి మన డిఫెండర్ కిండల్ విల్డర్ హెల్మెట్ ముందుకమ్మీకి తగిలి పైకెగిరింది. అది నేలను తాకకముందే బ్రాండన్ ఐయూక్ ఒడుపుగా అందుకున్నాడు. 51 గజాలు! విల్డర్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాడు. అంతకంటే ఏం చేయగలడు? ఆ వెంటనే బంతి మన గీత దాటింది. టచ్‌డౌన్, అదనపు తన్నుతో కలిపి ఏడు పాయింట్లు. మన చేతికి బంతి వచ్చిన మొదటి ప్రయత్నంలోనే జామియర్ గిబ్స్ దాన్ని జారవిడిచాడు. మరో టచ్‌డౌన్. చూస్తుండగానే 24–24.

బోర్డు మీద ఒకరు ‘46’ అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. కంబాలు గీతకు వెనక ఉంటాయి, తన్నేదీ ఇంకాస్త వెనక నుంచే కనుక, ఆ చోటు నుంచి గోలు తన్నాలంటే 46 గజాలు. “ఆ మూడు పాయింట్లు తీసుకుని ఉంటే సరిపోయేది, ఓడిపోయింది కూడా మూడు పాయింట్ల తేడాతోనే” అన్నారు. లెక్క చూడటానికి అలాగే కనిపిస్తుంది. నేను ఒప్పుకోలేదు. 46 గజాల తన్ను ఆరుబయట మైదానంలో ఖాయంగా పడుతుందని ఎవరు హామీ ఇస్తారు? క్యాంబెల్ కళ్లు మూసుకుని ఆడేవాడైతే, మొదటి సగం చివర గోలు మూడు గజాల దూరంలో ఉన్నప్పుడే ఆడించేవాడు. అక్కడ బుద్ధిగా మూడు పాయింట్లు తీసుకున్నాడు. 24–7 అలా వచ్చిందే.

అసలు ఈ సీజన్ మొదలైందే అలాంటి సాహసంతో. సెప్టెంబర్ 7న చాంపియన్లు కాన్సాస్ సిటీని వాళ్ల ఊళ్లోనే ఎదుర్కొన్నాం. మొదటి క్వార్టర్‌లో, మన సొంత గీతకు 17 గజాల దూరంలో, నాలుగో ప్రయత్నంలో బంతి తన్నబోతున్నట్టు నటించి పరుగు తీయించాడు. విఫలమైతే ప్రత్యర్థికి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. అది ఫలించింది, ఆ రోజు 21–20తో గెలిచాం. నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ చార్జర్స్‌తో 38–38 దగ్గర రెండు నిమిషాలు కూడా లేవు. గోలు తన్నే దూరంలోనే ఉన్నాం. అప్పుడూ నాలుగో ప్రయత్నం ఆడించాడు. శామ్ లపోర్టా బంతి పట్టాడు. గడియారం కరిగించి, చివరి క్షణంలో గోలు తన్ని 41–38తో గెలిచాం. ఆ మరుసటి రోజు ఇదే భోజనాల గదిలో ఆయన్ను ఆకాశానికెత్తారు. ఆ రోజు ధైర్యమైనది ఇవాళ తెలివితక్కువతనం ఎలా అవుతుంది? ఫలితాన్ని చూసి నిర్ణయానికి పేరు పెట్టడం నాకు నచ్చదు. ఆ మాటే గట్టిగా చెప్పాను, ఒకరిద్దరు తలూపారు.

నేను తప్పుపట్టేది మరొకటుంది. ఆట చివర, పది పాయింట్ల వెనక ఉండి, గోలుకు గజం దూరంలో బంతితో పరుగు తీయించారు. అది ఆగిపోయింది. గడియారం ఆపడానికి విలువైన టైమవుట్ ఒకటి ఖర్చయింది. ఆ తరవాతి ప్రయత్నంలో జేమ్సన్ విలియమ్స్ టచ్‌డౌన్ పట్టినా, 56 సెకన్లే మిగిలాయి. ఆ టైమవుట్ ఉండి ఉంటే బంతి మళ్లీ మన చేతికి రావడానికి ఇంకో దారి మిగిలేది.

ఈ వాదనంతా నడుస్తున్నంతసేపూ మా గ్రూపులో అందరికన్నా పెద్దాయన ఒక్క మాటా అనలేదు. పుట్టింది, పెరిగింది ఇక్కడే. వాళ్ల నాన్న కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. లయన్స్ చివరిసారి చాంపియన్లయింది 1957లో, బ్రిగ్స్ స్టేడియంలో క్లీవ్‌లాండ్‌ను 59–14తో ఓడించి. వాళ్ల నాన్న ఆ ఆట చూశారట. ఈయన మాత్రం పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఏళ్ల తరబడి ఓటములే చూశాడు. బ్యారీ శాండర్స్ అంతటి ఆటగాడు ఇంకా ఆడగల వయసులోనే 1999లో ఆట మానేయడం చూశాడు. 2008లో పదహారుకు పదహారూ ఓడిపోవడం చూశాడు. 1957 తరవాత ఈ నెల దాకా ప్లేఆఫ్స్‌లో గెలిచింది ఒకే ఒక్కసారి, 1992 జనవరిలో. “నిన్న రాత్రి ఎలా ఉన్నారు?” అని అడిగాను. “ఇంతకుముందు జనవరి నెలాఖరుకు మాకు బాధపడటానికి కూడా ఏమీ మిగిలేది కాదు” అన్నాడు. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. లేచి టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. నీలం ఉన్ని టోపీ, పైన కుచ్చు సగం ఊడిపోయింది. ఇవాళ మీటింగుల్లోనూ తీయలేదు.

ఆ 1992 తరవాతి గెలుపు వచ్చింది ఈ నెల 14న, సరిగ్గా భోగి నాడు. బయట గడ్డకట్టే చలి. సాయంత్రం మా ఇంట్లో చిన్న పిల్లలకు భోగిపళ్ల పేరంటం. రేగుపళ్లు దొరకవు కనుక క్రాన్‌బెర్రీలు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు కలిపి పోశాం. రాత్రి ఎనిమిదింటికి ఆట మొదలైతే ఒక్క కుటుంబమూ కదలలేదు. పట్టుచీరల్లో ఆడవాళ్లు, ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు, తివాచీ మీద ఇంకా ఏరని ఎర్రపళ్లు. అవతలి జట్టు లాస్ ఏంజెలెస్ రామ్స్. దాని క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ పన్నెండేళ్లు డెట్రాయిట్‌కు ఆడినవాడు. 2021లో అతన్ని అక్కడికి పంపి, బదులుగా వాళ్లు వద్దనుకున్న గాఫ్‌ను తెచ్చుకున్నారు. వెళ్లిన ఏడాదే స్టాఫర్డ్ సూపర్ బౌల్ గెలిచాడు. గాఫ్ వచ్చిన ఏడాది మనం గెలిచింది మూడే ఆటలు. ఆ రాత్రి మన స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ మొత్తం లేచి నిలబడి గాఫ్ పేరు పలికింది. 24–23. చివర్లో గాఫ్ సెయింట్ బ్రౌన్‌కు విసిరిన పదకొండు గజాల బంతితో ఆట మన చేతుల్లో భద్రమైంది. పక్కింటి పెద్దావిడకు ఆట నియమాలు ఒక్కటీ తెలియవు. ఆమే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంటికొస్తూ కూరగాయల కోసం ఇండియన్ స్టోరులో ఆగాను. బిల్లు వేసే అబ్బాయి “మ్యాచ్ చూశారా అక్కా?” అని అడిగాడు. ఏ మ్యాచ్ అని ఆలోచించాల్సి వచ్చింది. నిన్న ఉదయం, ఇక్కడ తెల్లవారకముందే, ఉప్పల్‌లో భారత్ ఇంగ్లండ్ చేతిలో 28 పరుగుల తేడాతో ఓడింది. మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం మనదే! ఓలీ పోప్ 196 కొట్టాడు, టామ్ హార్ట్లీ ఏడు వికెట్లు తీశాడు. మా తమ్ముడు ఆ స్టేడియంలోనే ఉన్నాడు, ఫోన్లో మాట పెగల్లేదు. ఒకే ఆదివారం రెండు ఊళ్లలో, అంత ముందుండి రెండూ పోయాయి. ఆ అబ్బాయిది ఉప్పల్ పక్కనే ఉన్న రామంతాపూర్. అతను అడిగింది మాత్రం లయన్స్ గురించి. వచ్చి రెండేళ్లే అయినా నాలుగో ప్రయత్నం గురించి నాతో సమంగా వాదించాడు. వెనక వరసలో ఉన్న పంజాబీ పెద్దాయన కూడా కలగజేసుకుని, గోలు తన్నాల్సిందేనని ఖరాఖండీగా చెప్పారు.

రాత్రి వంట చేస్తూ క్యాంబెల్ ఆట తరవాత మాట్లాడింది మళ్లీ విన్నాను. ఇక్కడిదాకా రావడం ఎంత కష్టమో తనకు తెలుసని, వచ్చే ఏడాది మళ్లీ ఇక్కడికి చేరడం ఇంతకు రెట్టింపు కష్టమని ఆయన అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. తన నిర్ణయాలను వెనక్కి తీసుకోలేదు. ఆటగాళ్ల మీదికి నెట్టలేదు, చేతులు జారిన రెనాల్డ్స్‌ను ఒక్క మాట అనలేదు. 2022లో ఏడు ఆటల్లో ఒక్కటే గెలిచి, అంతా ఈయన్ను పంపేయాలంటున్నప్పుడూ యజమానురాలు షీలా ఫోర్డ్ హాంప్ ఆయన వెనకే నిలబడ్డారు. అది వృథా కాలేదు. ఈ సీజన్‌లో పన్నెండు గెలుపులు, 1993 తరవాత మొదటి డివిజన్ టైటిల్.

ఇప్పుడు నా బెంగంతా బెన్ జాన్సన్ మీద. గాఫ్ ఆడే ఎత్తుగడలన్నీ అల్లే కోచ్ ఆయనే. వాషింగ్టన్ వాళ్లు హెడ్ కోచ్ పదవికి పిలుస్తున్నారని వార్తలు. ఇవాళ పొద్దున్నించి అవకాశం దొరికినప్పుడల్లా ఫోను చూస్తూనే ఉన్నాను, ఇంతవరకు ఏమీ తేలలేదు. ఆయన వెళితే తప్పుపట్టను, ఎదగాలని ఎవరికి ఉండదు? ఉంటే మాత్రం ఇదే జట్టు, ఇవే చేతులు, ఇంకో ఏడాది.

ఏప్రిల్ 25 నుంచి మూడు రోజులు డ్రాఫ్ట్ మన డెట్రాయిట్‌లోనే, క్యాంపస్ మార్షియస్ దగ్గర. మొదటి రోజు గురువారం, అమ్మాయికి బడి ఉంటుంది. శనివారం వెళదామని ముగ్గురం అనుకున్నాం.