బహుపదుల్లో ఫెర్మా

1993 జూన్‌లో ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని ఆండ్రూ వైల్స్ నిరూపించాడని పేపర్లో వచ్చింది. ఎన్ 2 కన్నా పెద్దదైతే, రెండు ధన పూర్ణ సంఖ్యల ఎన్‌వ ఘాతాలు కలిపితే మరో పూర్ణ సంఖ్య ఎన్‌వ ఘాతం రాదన్నదే ఆ సిద్ధాంతం. (అందులో లొసుగు బయటపడడం, 1994లో ఆయనే దాన్ని సరిదిద్దడం తరువాతి కథ.) మేము అప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఆ రుజువు చెప్పమని లెక్కల మాస్టారి వెంట పడ్డాం.

"అది నాకే అందదు, మీకేం చెప్పను? సంఖ్యల చోట బహుపదులు పెట్టండి, ఈ గంటలో తేల్చేద్దాం" అన్నారు.

తేల్చేశారు. ఆయుధం 1981లో స్టోథర్స్, ఆ తర్వాత విడిగా మేసన్ కనుక్కున్న సిద్ధాంతం. ఏ + బీ = సీ అయ్యే మూడు బహుపదులకు ఉమ్మడి కారణాంకం లేదు, మూడూ ఒకేసారి స్థిరాంకాలు కావు. అప్పుడు వాటిలో అతి పెద్ద పరిమాణం (చరరాశి అత్యధిక ఘాతం), మూడింటికీ కలిపి ఉన్న వేర్వేరు మూలాల (బహుపదిని సున్నా చేసే విలువల) సంఖ్య కన్నా తక్కువే. ఇక ఆ మూడూ ఎన్‌వ ఘాతాలనుకోండి. ఘాతానికి ఎత్తిన బహుపదుల్లో పెద్దదాని పరిమాణం డీ అయితే ఒకవైపు ఎన్ రెట్లు డీ. ఎంత ఘాతానికెత్తినా కొత్త మూలాలు పుట్టవు కనుక రెండోవైపు 3 రెట్లు డీకి మించదు. ఎన్ 3కి లోపే ఉండాలి! రెండో ఘాతానికి అడ్డేమీ లేదు: 1 − టీ² వర్గానికి 2టీ వర్గం కలిపితే 1 + టీ² వర్గం.

మూల సిద్ధాంతానికి రుజువు కూడా ఇంటర్ కలనంతోనే అయిపోయింది. ఒక మూలం ఐదుసార్లు వస్తే అవకలజంలో నాలుగుసార్లు మిగులుతుంది, కిటుకంతా అక్కడే.

"మరి సంఖ్యలకు?" అని వెనక బెంచీ అడిగింది.

"128కి అవకలజం చెప్పు, చూద్దాం" అన్నారు మాస్టారు.

ఆ 128 ఊరికే అనలేదు. 3 + 125 = 128 అని బోర్డు మీద రాశారు. ఇందులోని ప్రధాన సంఖ్యలు 2, 3, 5, లబ్ధం 30. వేర్వేరు మూలాల పాత్ర ఇక్కడ ఈ లబ్ధానిది, 128 దాన్ని మించిపోయింది. బహుపదుల్లో జరగనిది ఇక్కడ జరిగిపోయింది. అందుకే ఆ బహుపదుల సిద్ధాంతానికి సంఖ్యల రూపంగా 1985లో మాసర్, ఓస్టర్లే ప్రతిపాదించిన ఏబీసీ ఊహలో కాస్త సడలింపు ఉంటుంది. 2012లో మొచిజుకి దానికి రుజువు ప్రకటించాడు, 2021లో అది పత్రికలో అచ్చయింది కూడా. నిపుణుల్లో చాలామంది ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మరోసారి మాస్టారు గోల్డ్‌బాక్ ఊహకు (2 కన్నా పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే అన్నదానికి) బహుపది రూపం చెప్పారు. పూర్ణాంక గుణకాలున్న, స్థిరాంకం కాని ఏ బహుపదినైనా ఇక విడగొట్టలేని రెండు బహుపదుల మొత్తంగా రాయవచ్చునని 1965లో హేస్ చూపాడు. అది నాకు అంతగా రుచించలేదు. గుణకాలను మనకు నచ్చినట్టు ఎంచుకునే వెసులుబాటే అక్కడ పని కానిచ్చేసింది. అసలు గోల్డ్‌బాక్ ఎందుకు లొంగడం లేదో దాన్నిబట్టి ఏమీ తెలియదు.