నాన్న ఉత్తరాల్లో లేనివి

నాన్న పోయాక ఆయన ట్రంకుపెట్టె అడుగున కార్బన్ కాపీల కట్ట ఒకటి దొరికింది. 1985 నుంచి 1991 దాకా జాంబియాలోని లువాపులా ప్రాంతం నుంచి మా సంఘానికి మూణ్ణెల్లకోసారి రాసిన ఉత్తరాలవి. అన్నీ "ప్రభువునందు ప్రియులైన వారికి వందనములు" అనే మొదలవుతాయి. ఆ తర్వాత బాప్తిస్మాలెన్ని, ఆస్పత్రికి వచ్చిన రోగులెందరు, మోటారు సైకిల్ రిపేరుకి ఎంతయింది. నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళకెళ్ళి వాక్యం చెప్పేవారు. రెండు రాత్రులు కూర్చుని కట్టంతా చదివాను. ఒక్క అబద్ధం లేదు. కానీ నేను పెరిగిన ఊరు కూడా అందులో లేదు.

మొదటి ఉత్తరంలో నాన్న జాన్ రంగయ్యగారిని తలుచుకున్నారు. 1903లో నెల్లూరు నుంచి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళి, అక్కడి తోటల్లో పనికి కుదిరిన తెలుగువాళ్ళ మధ్య సేవ చేసినాయన. రంగయ్యగారికి చుట్టూ తెలుగు వినబడి ఉంటుంది. మాకు తెలుగంటే అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. గుమ్మం దాటితే బెంబా.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బెంబా నేర్పింది పక్కింటావిడ. అందరిలాగే మేమూ ఆవిణ్ణి బమాయో అనేవాళ్ళం, అంటే అమ్మగారు అన్నట్టు. ఆవిడ మొదటి పాఠం అంకెలు కాదు, మర్యాద. పని చేసుకుంటున్న మనిషి పక్కనుంచి ఊరికే నడిచిపోకూడదు, "మ్వబొంబేని ముక్వాయి" అనాలి. కష్టపడుతున్నారండీ అని. పెద్దవాళ్ళు ఏదైనా ఇస్తే మోకాళ్ళు వంచి రెండు చేతులా అందుకోవాలి. ఇంటికెవరొచ్చినా ముందు "మ్వైసేని" అని లోపలికి పిలవాలి, ఎందుకొచ్చారని అడగడం తర్వాత సంగతి. అమ్మ ఉప్పు బదులు తెమ్మని పంపి "పరిగెత్తుకుంటూ రావే" అనేది. దారిలో నాలుగిళ్ళు. నాలుగిళ్ళ దగ్గరా ఆగి, వాళ్ళ పిల్లలెలా ఉన్నారో అడిగి, మా వాళ్ళెలా ఉన్నారో చెప్పి వచ్చేసరికి పొయ్యి మీద కూర దించేసి ఉండేది.

అక్కడి తిండి మొక్కజొన్న కంటే ఎక్కువగా కర్రపెండలం. దుంపలు చెక్కు తీసి మూడు నాలుగు రోజులు నీళ్ళలో నానబెడతారు. ఆ పులిసిన వాసన మా వీధికంతటికీ ఉండేది. మెత్తబడ్డాక ఎండబెట్టి రోట్లో దంచి జల్లించి, మరిగే నీళ్ళలో పోసి గట్టిగా కలుపుతారు. అదే ఉబ్వాలి. ముద్ద తుంచి, బొటనవేలితో చిన్న గుంట చేసి, ఆకుకూరలో పల్లీల పొడి వేసి వండిన ఇఫిసాషిని అందులోకి ఎత్తుకోవాలి. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్న అయిదారుగురు పిల్లల్లో ఎవరూ ఎవరి వైపూ చెయ్యి చాచకుండా ఎలా తినాలో అక్కడే తెలిసింది.

నాన్న ఉత్తరాల్లో ఆఫ్రికాలో తిరిగిన స్కాట్లాండ్ మిషనరీ లివింగ్‌స్టన్ చాలాసార్లు వస్తాడు. 1873 మే 1న చితాంబో ఊళ్ళో ఆయన చనిపోతే, వెంట ఉన్న చూమా, సూసీలు గుండెను అక్కడే ఒక మ్పుండు చెట్టు కింద పాతిపెట్టి, దేహాన్ని నెలల తరబడి మోసి సముద్రతీరానికి చేర్చారు. నాన్నకి మ్పుండు అంటే ఆ చెట్టు. మాకు పండు. గోధుమరంగు తొక్క, పిండిలాంటి తియ్యటి గుజ్జు, గుజ్జుకంటే పెద్ద టెంక. స్కూలు నుంచి వస్తూ కిందపడ్డవి ఏరుకుని, జేబులు అంటుకుపోయేదాకా నింపుకునేవాళ్ళం.

స్కూల్లో నా జుట్టు ముట్టుకుని చూసేవాళ్ళు. ఒకరోజు ఏడుస్తుంటే మా టీచరు గోడమీదున్న అధ్యక్షుడు కౌండా ఫోటో చూపించి, ఈయన తండ్రి కూడా బయటినుంచే వచ్చి లుబ్వా మిషన్‌లో పాఠాలు చెప్పి, వాక్యం చెప్పినాయన, ఈయన ఆ ఇంట్లోనే పుట్టాడు అంది. కౌండా తండ్రి న్యాసాలాండ్ నుంచి, అంటే ఇప్పటి మలావీ నుంచి వచ్చారు. ఆ మాట ఎన్నేళ్ళు నన్ను కాపాడిందో ఆ టీచరుకి తెలియదు.

ఒక నవంబరు ఉత్తరంలో "వర్షములు ఆరంభమైనవి. రోడ్డు చెడినందున కూడికలకు హాజరు తగ్గినది" అని ఉంది. ఆ వారం నాకు బాగా గుర్తు. మొదటి వానకి పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయి. ఇన్స్వా అంటారు. పెట్రోమాక్స్ లైటు కింద బేసిన్లో నీళ్ళు పెడితే వెలుతురుకి వచ్చి జలజలా పడేవి. రెక్కలూడి తడి చేతులకి, మెడకి అంటుకునేవి. ఆ రోజుల్లో కొట్లలో వంటనూనె, పంచదార, సబ్బు దొరకడమే గగనం. ఇన్స్వాకి నూనె అక్కర్లేదు, మూకుడు వేడెక్కితే వాటి కొవ్వే కరుగుతుంది. కాస్త ఉప్పు చల్లితే చాలు, కొత్త పల్లీలు వేయించిన రుచి. ఆ రాత్రి అందరికంటే ఎక్కువ తిన్నది నాన్నే. చేతిరుమాల్లో పోసుకుని, వసారాలో బమాయో భర్త పక్కన కూర్చుని, ప్రార్థన వేళ దాటిపోయినా లేవలేదు.

1988లో ఒక ఉత్తరం. మూడో పేజీలో ఒక వాక్యం: "నా భార్య తల్లిగారు ప్రభువునందు నిద్రించిరని తంతి అందినది, ప్రార్థించగలరు." అంతే.

ఆ తంతి తొమ్మిది రోజులు ఆలస్యంగా చేరింది. అప్పటికి ఒంగోల్లో అమ్మమ్మని మట్టి చేసేశారు. అమ్మ కాగితం పట్టుకుని వంటగదిలో నిలబడిపోయింది, ఏడవలేదు. బమాయో వచ్చి కాగితం చూసింది. ఆవిడకి చదవడం రాదు, అమ్మ మొహం చూసింది. గంటలో మా ముందుగది ఖాళీ అయింది. కుర్చీలు, బల్ల బయటికెళ్ళాయి. ఆడవాళ్ళు చిటెంగెలు, అంటే అక్కడి రంగుల అచ్చు గుడ్డలు, నడుముకి చుట్టుకుని వచ్చి నేలమీద కూర్చున్నారు. మగవాళ్ళు బయట నెగడు వేశారు. మా అమ్మమ్మని చూసినవాళ్ళు ఒక్కరు లేరు. అయినా "మాయో, మాయో" అంటూ ఏడుపు అందుకున్నారు. బెంబాలో ఏడిస్తే వచ్చే మాట అదే, అమ్మా అని. కాసేపటికి వాళ్ళ మధ్యలోంచి మా అమ్మ గొంతు లేచింది, "అమ్మా, అమ్మా" అని. రెండు రాత్రులు మా ఇంట్లో నేలమీద చోటు లేదు. నన్నూ తమ్ముణ్ణీ ఎవరి ఒళ్ళో వాళ్ళు పడుకోబెట్టుకున్నారు.

మొన్న అమ్మకి ఆ ఉత్తరం చదివి వినిపించాను. మంచం మీద పడుకునే విని, "కట్టెలు ఎవరెవరు తెచ్చారో రాయలేదా మీ నాన్న?" అంది. లేదన్నాను. లేచి కూర్చుని, వేళ్ళు మడుస్తూ ఒక్కొక్క ఇల్లూ చెప్పడం మొదలుపెట్టింది.