నా పేరిట వచ్చే డబ్బు

నాలుగు వారాలకొకసారి మంగళవారం నాడు నా బ్యాంకు ఖాతాలో 140.60 పౌండ్లు పడేవి. పిల్లలున్న కుటుంబాలకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ అది. 2021-22 లెక్క ప్రకారం పెద్దవాడికి వారానికి 21.15 పౌండ్లు, చిన్నదానికి 14. మా ఆయన జీతం పక్కన పెడితే చిన్న మొత్తమే. కానీ ఈ దేశంలో నా పేరిట వచ్చే డబ్బు అదొక్కటే. పిల్లల స్కూలు బూట్లు, ఈత తరగతులు, ఆదివారం తెలుగు బడి ఫీజు అన్నీ అందులోంచే వెళ్లేవి.

పెళ్లికి ముందు విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. 2014లో ఇంగ్లండులోని రెడింగ్ అనే ఊరికి వచ్చాం. మా వీసా కార్డుల మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదని రాసి ఉండేది. పన్నులు మాత్రం అందరిలాగే కట్టాం. 2019లో శాశ్వత నివాస అనుమతి వచ్చాక, ఆ మార్చిలోనే చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు పెట్టాను. అప్పటికి చిన్నది ఏడాది పిల్ల. దాన్ని నర్సరీలో వేస్తే నెలకు వెయ్యి పౌండ్లు దాటేది. నాకు దొరికే ఉద్యోగంలో ఆ ఫీజు, రైలు ఖర్చు పోగా మిగిలేది ఏమీ లేదు. అందుకని ఇంట్లోనే ఉండిపోయాను.

2021 చివర్లో మా ఆయనకు ప్రమోషన్ వచ్చింది. బోనస్‌తో కలిపి ఆ ఏడాది ఆదాయం 57,400 పౌండ్లు. సంతోషించి ఊరుకున్నాం. చైల్డ్ బెనిఫిట్‌కూ ఆ అంకెకూ సంబంధం ఉందని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

తెలిసింది 2022 నవంబరులో, కార్తీక వనభోజనాల్లో. వనం అంటే ఇక్కడ అద్దెకు తీసుకున్న కమ్యూనిటీ హాలు. పులిహోర వడ్డిస్తూ ఒక అక్క అడిగింది: "మీ ఆయన జీతం యాభై వేలు దాటిందా? మరి చైల్డ్ బెనిఫిట్ సంగతి చూసుకున్నారా?" చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం కూర్చుని నిబంధనలు చదివాం. 2013 జనవరి నుంచి ఉన్న పద్ధతి ఇది. దంపతుల్లో ఎక్కువ సంపాదించే మనిషి ఆదాయం 50,000 దాటితే, దాటిన ప్రతి వంద పౌండ్లకూ ఆ ఏడాది అందిన చైల్డ్ బెనిఫిట్‌లో ఒక శాతం అప్పట్లో పన్నుగా తిరిగి కట్టాల్సి వచ్చేది. 60,000కు చేరితే మొత్తం పోయేది. బెనిఫిట్ ఎవరి ఖాతాలో పడినా సరే, కట్టాల్సింది ఎక్కువ సంపాదించే వాళ్లే. మా లెక్క 74 శాతం తేలింది. 1,827 పౌండ్లు తీసుకున్నందుకు 1,351 వెనక్కి ఇవ్వాలి. పైగా అది సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో, అంటే ఎవరి పన్ను వాళ్లే లెక్కకట్టి పంపే రిటర్నులో, చూపించాలి. అందుకు పేరు నమోదు చేసుకోవాల్సిన గడువు అక్టోబరు 5. అది దాటి నెల దాటిపోయింది.

నా బాధ డబ్బు కట్టాల్సి వచ్చినందుకు కాదు. మా వీధి చివర ఒక జంట ఉంది. ఇద్దరూ ఉద్యోగస్తులు, చెరి 49,000 సంపాదిస్తున్నారనుకోండి. ఇంట్లోకి 98,000 వస్తుంది, బెనిఫిట్‌లో పైసా పోదు. మా ఇంట్లోకి 57,400 వస్తే మూడొంతులు పోయింది. పిల్లల్ని చూసుకోవడానికి ఒకరు ఇంట్లో ఉన్న కుటుంబానికే ఈ కోత ఎక్కువ పడటం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

మర్నాడే మా ఆయన పేరు నమోదు చేశారు. పది అంకెల పన్ను సంఖ్య డిసెంబరు మధ్యలో పోస్టులో వచ్చింది. భోగి నాడు, శనివారం, బొమ్మల కొలువు పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని రిటర్ను నింపాం. జీతం అంకె పీ60లో, అంటే ఏడాది చివర కంపెనీ ఇచ్చే జీతం-పన్ను పత్రంలో, ఉంది. నాలుగేళ్ల నా ఖాతా స్టేట్‌మెంట్లు ముద్రించుకుని, పడిన ప్రతి మొత్తం కింద పెన్సిల్‌తో గీత గీశాను. జనవరి 31 లోపు డబ్బంతా కట్టేశాం కాబట్టి ఆలస్యంగా నమోదైనా జరిమానా పడలేదు. అప్పుడు నడుస్తున్న ఏడాదికి ఆయన ఆదాయం 60,000 దాటుతుందని తెలుసు. అందుకే ఏప్రిల్ నుంచి అందిన సుమారు 1,300 పౌండ్లను విడిగా దాచాం, మరుసటి ఏడాది తిరిగి కట్టడానికి.

ఇక్కడే పెద్ద పొరపాటు చేయబోయాను. ఎలాగూ అంతా తిరిగి కట్టాల్సిందే కదా, క్లెయిమ్ మొత్తం రద్దు చేసేద్దామనుకున్నాను. ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. పోస్టు చేసే ముందు ఆ అక్కకే ఫోను చేశాను. "వద్దమ్మా, డబ్బు మాత్రమే ఆపించు. క్లెయిమ్ ఉండనివ్వు" అంది.

కారణం నేషనల్ ఇన్సూరెన్స్, అంటే ఉద్యోగస్తుల జీతంలోంచి ప్రభుత్వ పింఛను లాంటివాటి కోసం కోసుకునే చందా. ఇక్కడ ప్రభుత్వ పింఛను పూర్తిగా రావాలంటే 35 ఏళ్ల రికార్డు కావాలి. కనీసం పదేళ్లయినా లేకపోతే అసలు రాదు. ఉద్యోగం చేస్తే ఆ ఏళ్లు వాటంతట అవే జమవుతాయి. ఇంట్లో ఉండే తల్లికి, తన పేరిట చైల్డ్ బెనిఫిట్ క్లెయిమ్ ఉంటే, పిల్లకు పన్నెండేళ్లు నిండేదాకా చందా కట్టకపోయినా ఆ ఏళ్లు రికార్డులో జమవుతాయి, దాన్నే క్రెడిట్ అంటారు. డబ్బు తీసుకోకపోయినా దక్కుతుంది. క్లెయిమే లేకపోతే దానంతట అది దక్కదు. క్లెయిమ్ భర్త పేరిట ఉంటే ఆ క్రెడిట్ ఆయన ఖాతాకు వెళ్తుంది, ఉద్యోగం ఉన్న మనిషికి దానితో పని లేదు. ఉత్తరం చించేశాను. ఆన్‌లైన్‌లో చెల్లింపులు ఆపమని మాత్రమే కోరాను. ఐదు నిమిషాల పని.

ఆ తర్వాత ఏడాదికి పైగా మంగళవారాలు ఖాళీగానే గడిచాయి. మా ఆయన నెలనెలా ఆ మేరకు నా ఖాతాలో వేస్తానన్నారు, వేశారు కూడా. ఆయన మనసు మంచిదే. అయినా రెండూ ఒకటి కాదు, ఆ మాట ఆయనతో అన్నాను, ఆయనకూ అర్థమైంది.

2024 మార్చి బడ్జెట్‌లో హద్దు మారింది. ఏప్రిల్ నుంచి కోత 60,000 దగ్గర మొదలై 80,000 దగ్గర పూర్తవుతుంది, ప్రతి 200 పౌండ్లకు ఒక శాతం చొప్పున. మళ్లీ చెల్లింపులు మొదలుపెట్టించాను. ఆయన జీతం 70,000కు చేరింది. కంపెనీ పింఛనులోకి అదనంగా 4,000 వేయించుకున్నారు. అది లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి 66,000 మీదే కోత పడింది. 30 శాతం, అంటే 663 పౌండ్లు కట్టాలి. 1,549 మాకు మిగిలాయి. 2026 నుంచి కుటుంబ ఆదాయం మొత్తాన్ని చూస్తామని అదే బడ్జెట్‌లో చెప్పారు. ఎంత ఆశ పెట్టుకున్నానో! అక్టోబరులో కొత్త ప్రభుత్వం ఆ ఆలోచన విరమించుకుంది. ఒకటి మాత్రం తేలికైంది. వేరే కారణంతో రిటర్ను వేయనక్కర్లేని వాళ్లు ఈ పన్నును జీతంలోంచే కోయించుకునే వీలు 2025లో వచ్చింది.

మొన్న ఇక్కడి స్లౌ అనే ఊరి నుంచి చిన్నప్పటి స్నేహితురాలి చెల్లెలు ఫోను చేసింది. ఏడు వారాల పాప. "మా ఆయనకు తొంభై వేలు అక్కా, మాకేమీ రాదు, ఫారం దండగ" అంది. నా నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు పేజీ తెరిచి చదివి వినిపించాను. 2019-20 నుంచి 2024-25 దాకా ఆరేళ్లు పూర్తి. నేను ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయని ఏళ్లు అవి. క్లెయిమ్‌ను వెనక్కి మూడు నెలల వరకే లెక్కిస్తారని, ఆలస్యం చేయవద్దని చెప్పాను. తన పేరిటే నింపమన్నాను. డబ్బు వద్దు అన్న గడిలో టిక్కు పెట్టి, ఆ రాత్రే ఫారం పంపించి, నాకు ఫోటో పెట్టింది.