గొంతు పోయిన ఆగమన కాలం

పోయిన సంవత్సరం అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం) మొదటి ఆదివారం సాయంత్రం, క్యారల్స్ ప్రాక్టీస్ మధ్యలో నా గొంతు పోయింది. పల్లవి బాగానే వచ్చింది, చరణం పైకి అందుకోబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. మర్నాడు డాక్టర్ చూసి, స్వరతంత్రులు బాగా వాచాయి, పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, గుసగుసగా కూడా వద్దు, దానికి ఇంకా శ్రమ ఎక్కువ అన్నారు.

నాకు ఒకటే టెన్షన్. పిల్లల చేత పాటలు ఎవరు ప్రాక్టీస్ చేయిస్తారు, ఆ గురువారం స్త్రీల కూడికలో వాక్యం ఎవరు చెప్తారు? నేను చెప్పాల్సిన అంశం, క్రీస్తు రాకడకు హృదయాన్ని సిద్ధపరచుకోవడం. రెండు పేజీలు నోట్స్ కూడా రాసి పెట్టుకున్నాను. ఆ నోట్స్ ఇంకో అక్కకి ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాను.

ఏం చేయాలో తోచక లూకా సువార్త మొదటి అధ్యాయం తీశాను. ఎన్నోసార్లు చదివిందే, కానీ ఎప్పుడూ మరియమ్మ దగ్గరికి త్వరగా వెళ్ళిపోవాలని జెకర్యాని దాటేసేదాన్ని. ఈసారి ఆయన దగ్గరే ఆగిపోయాను. ఆయన యాజకుడు, ముసలివాడు, భార్య ఎలీసబెతుతో పాటు నీతిమంతుడని పేరున్నవాడు. చీట్లలో ఆయన వంతు వచ్చి, దేవాలయంలో ధూపం వేయడానికి లోపలికి వెళ్తే గబ్రియేలు దూత కనిపించి, నీకు కొడుకు పుడతాడు, ప్రభువు కోసం ప్రజలను సిద్ధపరుస్తాడు అని చెప్పాడు. ఇది నాకు ఎలా తెలుస్తుంది అని ఆయన అడిగాడు. అంతే, నమ్మనందుకు బిడ్డ పుట్టి పేరు పెట్టేదాకా నోట మాట లేదు. బయట జనం, లోపల ఇంతసేపు ఏం చేస్తున్నాడా అని ఎదురుచూస్తున్నారు, ఆయన వచ్చి సైగలు చేస్తున్నాడు.

దీన్ని నేను ఎప్పుడూ శిక్షగానే చూశాను. శిక్షే, కాదనను. కానీ లూకా సువార్తలో క్రీస్తు రాకడకు మొట్టమొదట సిద్ధపడిన ఇల్లు ఇదే కదా, ఆ ఇంట్లో యజమాని నెలల తరబడి మాట లేకుండా ఉన్నాడు. ఇంకో సంగతి, ఎనిమిదో రోజున బిడ్డకి ఏం పేరు పెట్టాలో చుట్టాలు ఆయన్ని సైగలతో అడిగారని 62వ వచనంలో ఉంది. చెవులు వినిపిస్తే సైగలు ఎందుకు? గ్రీకులో వాడిన మాటకి మూగ అనీ చెవుడు అనీ రెండు అర్థాలూ ఉన్నాయి, బహుశా వినికిడి కూడా పోయి ఉండొచ్చు. ఆయన వ్రాతపలక అడిగి, యోహాను అని పేరు రాశాడు. వెంటనే నోరు తెరుచుకుంది, వచ్చిన మొదటి మాట స్తుతి. ఆ తర్వాత పరిశుద్ధాత్మతో నిండి ఆయన పలికిన మాటల్లో, ప్రభువుకి మార్గాలు సిద్ధపరచడం అనే మాట మళ్ళీ వస్తుంది. దూత చెప్పినప్పుడు నమ్మలేకపోయిన మాటే, ఇన్ని నెలల తర్వాత ఆయన సొంత నోట వచ్చింది.

నా వ్రాతపలక, మా అమ్మాయి పాత నోట్‌బుక్. మొదటి రెండు రోజులు దాన్ని నింపేశాను. ఎవరేమన్నా జవాబు రాయాల్సిందే. అయితే పెన్ను వెతికి, మూత తీసి, రాసి, ఎదుటివాళ్ళకి చూపించేలోపు, ఆ మాట అవసరమే లేదని నాకే తెలిసిపోయేది. మూడో రోజుకి రాసిన వాటికంటే కొట్టేసినవే ఎక్కువ. ఆ కొట్టివేతలు వరుసగా చదువుకుంటే నాకు ఏడుపొచ్చింది. అన్నీ విసుగులే. మా ఆయన మీద ఒకటి, అమ్మాయి మీద నాలుగు. మామూలు రోజుల్లో అవన్నీ నా నోటి నుంచి బయటికి వెళ్ళేవి, వెళ్ళినట్టు నాకు గుర్తు కూడా ఉండేది కాదు.

ఐదో రోజు సాయంత్రం అమ్మాయి లెక్కల పేపర్ తెచ్చి నా ముందు పెట్టింది. మార్కులు బాగా తగ్గాయి. నేను పెన్ను తీసి "ఎందుకు" అని రాసి, ఆ ఒక్క మాట కూడా కోపంగా కనిపించి కొట్టేశాను. అది నా పక్కన కూర్చుంది. నేను ఏమీ అనడం లేదని కాసేపు నా మొహం చూసి, మెల్లగా చెప్పింది, బోర్డు మీద అంకెలు సరిగ్గా కనిపించడం లేదమ్మా, మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియడం లేదు అని. నీకు చెప్పాను కదా తలనొప్పని, అప్పుడు నువ్వు ఫోన్ చూడటం తగ్గించు అన్నావు, అంది. నిజమే, ఆ మాట నేను అన్నాను. రెండుసార్లు అన్నాను.

దూత జెకర్యాతో చెప్పిన మాటల్లో, తండ్రుల హృదయాలను పిల్లల తట్టు తిప్పడం అని ఒక మాట ఉంది. మలాకీ గ్రంథం చివర్లోదే అది. ప్రభువు కోసం సిద్ధపడడం అంటే ముందు ఇంట్లో పిల్లల వైపు తిరగడమా అని ఆ రాత్రి నేను కదల్లేకపోయాను. ప్రార్థన కూడా మారిపోయింది. నేను గట్టిగా ప్రార్థించే మనిషిని, మాటలు అలవాటుగా దొర్లుకుంటూ వచ్చేస్తాయి. గొంతు లేకపోయేసరికి అవేవీ రాలేదు. "ప్రభువా, నా బిడ్డ చెప్పింది నేను వినలేదు" అన్న ఒక్క మాట తప్ప లోపల ఇంకేమీ లేదు. దానితోనే చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నాను.

అలంకరణలూ పాటలూ వద్దని నేను అనను, ఈసారి కూడా ప్రాక్టీస్ నేనే చూస్తున్నాను. కానీ ఆగమన కాలం క్యాలెండర్‌ని బట్టి 22 నుంచి 28 రోజులే, అందులో ఎక్కువ భాగం ఏర్పాట్ల గురించి మాట్లాడుకోవడంలోనే అయిపోతుంది. అందుకని ఈ సంవత్సరం డాక్టర్ చెప్పకుండానే ఒక పని పెట్టుకున్నాను. రాత్రి భోజనాలయ్యాక పడుకునేదాకా నేను మాట్లాడను, వింటాను. నోట్‌బుక్ పక్కనే ఉంటుంది. ఇంట్లో వాళ్ళకి మొదట కొత్తగా అనిపించింది, ఇప్పుడు ఆ టైమ్ కోసమే కబుర్లు దాచుకుంటున్నారు.

పోయినసారి పది రోజులూ అయిపోయాక, పదకొండో రోజు అమ్మాయి కొత్త కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎలా ఉన్నానమ్మా అంది. అలవాటుగా నోట్‌బుక్ కోసం చెయ్యి చాపాను, ఇంక అవసరం లేదని అప్పుడు గుర్తొచ్చింది. గొంతు ఇంకా గరగరలాడుతూనే ఉంది. "దగ్గరికి రా, చూడనీ" అన్నాను.