మంగళాజోడి వెళ్ళొచ్చాక మందార చెట్టు

వలస పక్షుల్ని చూడాలంటే డిసెంబరు, జనవరిల్లో వెళ్ళాలి. నాకు సెలవు దొరికింది మాత్రం మార్చి చివర్లో, ఉగాదికి వారం ముందు. విశాఖకి దగ్గర్లో కొండకర్ల ఆవ ఉంది, టెక్కలి పక్కన తేలినీలాపురం ఉంది. పక్షులొచ్చే ఆ చోట్లు రెండూ చూసేశాను. పక్షులు వచ్చేటప్పుడు కుదరలేదు కదా, వెళ్ళిపోయేటప్పుడైనా చూద్దామని నాకు నేనే సర్దిచెప్పుకుని, చిలికా సరస్సు కోసం బాలుగావ్‌కి టికెట్ తీశాను.

మా ఇల్లు అడవివరంలో, సింహాచలం కొండ కింద. బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంటే పక్కింటి పెద్దమ్మ ఆపింది. "ఏటి బాబూ, పిట్టల్ని చూడ్డానికి ఒరిస్సా ఎల్లాలా? మన పనస చెట్టు మీద లేవేటి?" నవ్వేసి ఆటో ఎక్కాను.

రైల్లో ఐదు గంటల పైన, అక్కణ్ణుంచి మళ్ళీ ఆటో. చిలికా ఒడ్డునున్న మంగళాజోడి ఒకప్పుడు పక్షుల్ని పట్టి అమ్ముకున్న ఊరు. 2000 ప్రాంతంలో ఊరివాళ్ళే సమితి పెట్టుకుని ఆ పని మానేశారు. అప్పట్లో వేటాడిన వాళ్ళలో కొందరు తర్వాత పడవ నడుపుతూ పక్షుల్ని చూపించడం మొదలుపెట్టారు.

తెల్లవారుజామున ఐదున్నరకి పడవెక్కాను. మోటారు లేదు, వెదురు గెడతో తోస్తారు. నా బైనాక్యులర్ కొత్తది, 8×42. ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని షాపులో చెప్పారు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. అరగంటసేపు నాకు చిలికా అంతా గొట్టంలోంచి చూసినట్టే కనిపించింది. పక్షి ఎటో, నేను ఎటో. చివరికి పడవాయనకే జాలేసి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని రెండు కప్పులూ తిప్పి ఇచ్చాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. కానీ ఆ నవ్వుకి అర్థం తెలిసిపోయింది.

బాతులు దాదాపు వెళ్ళిపోయాయి. తోక సూదిలా పొడుచుకొచ్చే పిన్‌టెయిల్ కోసం వెళ్ళినవాణ్ణి, ఒక్కటీ చూడలేదు. ఆలస్యంగా కదిలే గార్గనీ బాతులు కొన్ని మిగిలాయి. గాడ్‌విట్‌లు మాత్రం ప్రయాణం మొత్తానికి సరిపోయేంత ఉన్నాయి. చలికాలమంతా బూడిద రంగులో ఉండే పక్షులు, ఇప్పుడు కొన్నిటికి మెడా రొమ్మూ ఇటుక రంగు తిరుగుతోంది. పొడుగు ముక్కుని కళ్ళదాకా బురదలో దించి, తల ఎత్తకుండా తింటూనే ఉన్నాయి. ఒంట్లో పేర్చుకున్న ఆ కొవ్వే వాటికి దారి ఖర్చు. మా పడవ పది గజాల దూరంలోకి వచ్చినా పట్టించుకోలేదు. పెళ్ళి భోజనంలో రెండో వరస కోసం కాచుకున్నవాళ్ళు కూడా అంత దీక్షగా తినరు.

రెండు పూటల్లో నలభై ఒక్క రకాలు రాసుకున్నాను. నీలి బొల్లికోళ్ళని లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాను.

తిరిగొచ్చాక వారం రోజులు పెరట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. కాకులు, గోరింకలు, నీళ్ళ తొట్టి దగ్గర కొట్టుకునే బుల్బుల్ పిట్టలు, అంతేగా అనిపించింది. ఒకరోజు పళ్ళు తోముకుంటుంటే మందార చెట్టులోంచి "చక్... చక్" అని వినిపించింది. రాళ్ళు తాటించినట్టుండే ఆ చప్పుడు నాకు కొత్త కాదు. నవంబరు నుంచీ వింటున్నాను. జిట్ట పిట్ట (టైలర్‌బర్డ్) అని నా నోటు పుస్తకంలో రాసేశాను కూడా. ఎందుకో ఈసారి బైనాక్యులర్ తెచ్చాను. జిట్టకి నెత్తి మీద తుప్పు రంగు ఉంటుంది, వీపు ఆకుపచ్చగా ఉంటుంది, తోక నిక్కబొడుచుకుంటుంది. దీనికి అవేం లేవు. ఒళ్ళంతా మట్టి రంగు, కంటి పైన మాత్రం చిన్న లేతగీత. ఫోన్లో యాప్‌కి ఆ చప్పుడు వినిపిస్తే బ్లైత్ రీడ్ వార్బ్లర్ అని చెప్పింది. యాప్‌ని నేను పూర్తిగా నమ్మను, అందుకే పక్షుల పుస్తకం తీసి చూశాను. అదే.

19వ శతాబ్దంలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ పేరు దానికి పెట్టారు. బరువు పది పన్నెండు గ్రాములు. గూడు పెట్టేది ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఎక్కడో, చలికాలానికి వచ్చేది మన దేశం వైపు. ఐదు నెలలు మా మందార చెట్టులో ఉంది. నేను దాన్ని తప్పు పేరుతో పిలుస్తూ, వలస పక్షుల కోసం రైలెక్కాను. ఈ సంగతి పెద్దమ్మకి చెప్పలేదు. చెబితే ఊరంతా చెబుతుంది.

అప్పట్నుంచి రోజూ ఆరింటికి కాఫీ గ్లాసుతో చెట్టు దగ్గర కూర్చోవడం, "చక్" వినపడితే తేదీ పక్కన టిక్కు పెట్టడం. పాత పేజీల్లో జిట్ట అని రాసిన చోటల్లా ప్రశ్నార్థకం పెట్టాను, ఎన్ని నిజంగా జిట్టలో ఇప్పుడు తేలదు. ఏప్రిల్ 19 దాకా టిక్కులున్నాయి. 20న లేదు. 21న మళ్ళీ వినిపించింది, ఒక్కసారే. ఆ తర్వాత నాలుగు రోజులు ఖాళీ. ఈ చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిపూటే ఎగురుతాయి కాబట్టి, అది వెళ్ళిన క్షణం నాకు దొరికే వీల్లేదు.

ఇరవై ఆరో తారీఖున పెద్దమ్మ గోడ మీంచి చూసి, "రోజూ పొద్దున్నే ఆ మందారంలో ఏటి ఎతుకుతున్నావు బాబూ?" అంది.

"పిట్ట" అన్నాను.

"ఆ గోధుమరంగుదా? నాల్రోజులై కనిపించట్లేదు" అంది.