ప్రవక్త స్వరం కంటే మన స్వరం పైకి లేచినప్పుడు

ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) హుజురాత్‌లో ఉన్నవి పద్దెనిమిది ఆయతులే (వాక్యాలే). మన వక్తలు ఎక్కువగా చదివేది అందులోని పదమూడో ఆయతు. మిమ్మల్ని ఒకే పురుషుడి నుంచి, ఒకే స్త్రీ నుంచి పుట్టించామని, ఒకరినొకరు తెలుసుకునేందుకే జాతులుగా, తెగలుగా చేశామని అల్లాహ్ చెప్పిన చోటు. సర్వమత సమావేశానికి పిలుపు వస్తే ఆ ఆయతు లేకుండా మన ప్రసంగం ఉండదు. చదవాల్సిందే, కాదనను. కానీ మనుషులంతా ఒక్కటే అన్న మాట చెప్పే ముందు అల్లాహ్ ఇదే సూరాలో విశ్వాసులకు ఎన్ని హద్దులు గీశాడో ఎందుకు చదవరు? నన్ను ఏళ్లుగా కదలనివ్వకుండా పట్టుకున్నది మాత్రం రెండో ఆయతు.

విశ్వసించిన ఓ ప్రజలారా, ప్రవక్త స్వరం కంటే మీ స్వరాలను పైకి లేపకండి. అలా చేస్తే మీకు తెలియకుండానే మీ కర్మలన్నీ వృథా అయిపోవచ్చు. ఇదీ హెచ్చరిక. ఎవరికి వచ్చిందో గుర్తుందా? బనూ తమీమ్ తెగవారికి నాయకుడిగా ఎవరిని నియమించాలన్న దగ్గర ప్రవక్త సన్నిహిత సహచరులు హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త ముహమ్మద్ (స) ఎదుటే వాదించుకున్నారు. గొంతులు పెరిగాయి. ఈ ఉమ్మత్ (ముస్లిం సమాజం)లోని ఇద్దరు శ్రేష్ఠులు నాశనమయ్యేంత పని అయిందని బుఖారీ హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం)లో ఉంది. ఆ తర్వాత ఉమర్ ఎంత మెల్లగా మాట్లాడేవారంటే, ఏమన్నావని ప్రవక్త మళ్లీ అడగాల్సి వచ్చేదట. ఏ గొంతు వింటే మక్కా సర్దారులు తడబడేవారో, ఆ గొంతు!

సాబిత్ బిన్ ఖైస్ (రజి) సంగతి ఇంకా గుండె కరిగిస్తుంది. ఆయన అన్సార్ల (ప్రవక్తను ఆదరించిన మదీనావాసుల) వక్త, పుట్టుకతోనే పెద్ద గొంతు. ఈ ఆయతు దిగాక ఇంట్లో తల దించుకుని కూర్చుండిపోయారు. నా గొంతు ప్రవక్త గొంతు కంటే పైకి లేచేది, నా కర్మలు పోయాయి, నేను నరకవాసినని కుమిలిపోయారు. ఆయన కనబడటం లేదేమని అడిగి తెలుసుకున్న ప్రవక్త, నువ్వు స్వర్గవాసివని కబురు పంపారు. పెద్ద గొంతు నేరం కాదన్నమాట. సాబిత్ తన గొంతు చూసి తానే భయపడ్డారు. ఆ భయమే ఆయనను కాపాడింది. ఆ భయం ఇప్పుడు మనలో ఎవరికి ఉంది?

2021 డిసెంబరు 3న పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో జరిగింది తలుచుకుంటే ఈ ఆయతు నన్ను నిద్రపోనివ్వదు. ప్రియంత కుమార శ్రీలంక దేశస్థుడు. అక్కడి ఒక కర్మాగారంలో మేనేజరు. గోడకు అంటించిన పోస్టరు తీసేశాడట, దాని మీద పవిత్ర నామాలున్నాయట. ఆ 'అట'ల మీదే వందలాది మంది పోగై అతన్ని కొట్టి చంపి, శవాన్ని తగలబెట్టారు. చుట్టూ నిలబడి ఫోన్లలో తీసుకున్నారు. అంతసేపూ మోగింది ప్రవక్తను పిలిచే నినాదం, "లబ్బైక్ యా రసూలల్లాహ్." నీ సేవకు హాజరయ్యామంటూ ఆయన ఎన్నడూ చెప్పని పని చేశారు. స్వరాన్ని ఆయన స్వరం కంటే పైకి లేపడమంటే ఇంతకు మించి ఏముంటుంది?

ఆయన స్వరం ఎలా ఉండేదో మనకు తెలియనిదా? ఒక పల్లె అరబ్బు వచ్చి సాక్షాత్తు మస్జిదె నబవీలోనే (మదీనాలోని ప్రవక్త మసీదులోనే) మూత్రం పోశాడు. సహాబీలు (ప్రవక్త సహచరులు) మండిపడి లేచారు. వదిలేయండి, అతను పూర్తి చేసుకోనివ్వండి, ఆపైన ఒక బొక్కెన నీళ్లు పోయండి అన్నారు ప్రవక్త. మీరు సులభతరం చేయడానికే పంపబడ్డారు, కష్టపెట్టడానికి కాదు అన్నారు. గోడ మీది కాగితం మస్జిదె నబవీ నేల కంటే పవిత్రమైనదా? ఆ రోజు సియాల్‌కోట్‌లో బొక్కెన నీళ్ల సున్నతు (ప్రవక్త చూపిన బాట) ఒక్కరికే గుర్తొచ్చింది. సహోద్యోగి మాలిక్ అద్నాన్ తన దేహాన్ని అడ్డుపెట్టి ప్రియంతను కాపాడాలని చూశాడు. గుంపుదే పైచేయి అయింది. ఆ దేశ ప్రభుత్వం అద్నాన్‌కు తమ్గా-ఎ-షుజాఅత్ అనే సాహస పతకం ఇచ్చింది. ప్రవక్త ప్రేమికుడని ఎవరినైనా పిలవాలంటే నేను ఆయననే పిలుస్తాను.

మా నానీకి (అమ్మమ్మకు) చదువు రాదు. ప్రవక్త పేరు వినబడితే చేతిలో ఏ పని ఉన్నా ఆపి, కొంగు తల మీదికి లాక్కుని, పెదవుల మధ్యనే దరూద్ (ప్రవక్తకు శుభం కోరే ప్రార్థన) చదివేది. పక్కన కూర్చున్న మాకు కూడా సరిగ్గా వినబడేది కాదు. మేము పిల్లలం గట్టిగా చదవమని అడిగితే, "ఆయనకు వినబడుతుందిలే" అనేది. ఎన్ని గంటల ప్రసంగాలు విన్నా రెండో ఆయతుకు అంతకంటే మంచి తఫ్సీరు (వ్యాఖ్యానం) నాకు దొరకలేదు.

ఇక అదే సూరాలో ఆరో ఆయతు. స్వరాలు తగ్గించమన్న వెంటనే అల్లాహ్ చెబుతున్నది ఇది: దుర్మార్గుడెవడైనా మీ దగ్గరికి వార్త తెస్తే విచారించుకోండి, లేకపోతే తెలియక ఒక జనానికి హాని చేసి, ఆ తర్వాత చేసిన దానికి పశ్చాత్తాపపడతారు. ఈ రెండూ పక్కపక్కనే రావడం కాకతాళీయం కాదని నా విశ్వాసం. గొంతు తగ్గినవాడికే వార్త సరిగ్గా వినబడుతుంది. బనూ ముస్తలిఖ్ తెగ జకాత్ (విధి దానం) ఇవ్వనన్నదని, తనను చంపబోయిందని, దాని వసూలుకు ప్రవక్త పంపిన వలీద్ బిన్ ఉఖ్బా చెప్పిన వార్త మీద ఆ ఆయతు దిగిందని చాలా తఫ్సీర్లలో ఉంది. ఆ తెగవాళ్లు నిజానికి ఎదురొచ్చింది స్వాగతం పలకడానికి. విచారించకపోతే ఒక తెగే పోయేది.

2012 సెప్టెంబరులో బంగ్లాదేశ్‌లోని రామూలో ఏమైంది? ఖురాన్‌ను కాలుస్తున్న బొమ్మ ఒక బౌద్ధ యువకుడి ఫేస్‌బుక్ ఖాతాకు ఎవరో జోడించారు. అతను పెట్టింది కాదు. తెల్లారేసరికి బౌద్ధ విహారాలు, బౌద్ధుల ఇళ్లు బూడిదయ్యాయి. 2017 ఏప్రిల్ 13న పాకిస్తాన్‌లోని మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని సొంత విశ్వవిద్యాలయం ఆవరణలోనే తోటివాళ్లు చంపారు. దైవదూషణకు ఆధారమేదీ లేదని విచారణలో తేలింది. ఆరో ఆయతు చివర అల్లాహ్ చెప్పిన పశ్చాత్తాపం ఉంది చూశారూ, అది ఆ తల్లికి బిడ్డను తెచ్చివ్వదు.

"మరి ప్రవక్తను అవమానిస్తే ఊరుకోమంటారా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ మాట వెనకున్న బాధ నాకు తెలుసు, నాకూ రక్తం మరుగుతుంది. వాళ్లకు తాయిఫ్‌ను గుర్తుచేస్తాను. ప్రవక్తను రాళ్లు వేసి రక్తం కారేలా తరిమిన ఆ ఊరిని రెండు కొండల మధ్య నలిపేయమంటారా అని దైవదూత అడిగితే, వద్దు, వీళ్ల సంతానంలో అల్లాహ్‌నే ఆరాధించేవాళ్లు పుడతారని ఆశిస్తున్నాను అన్నారాయన. అవమానపడినది ఆయన, హక్కు ఆయనది, క్షమించిందీ ఆయనే. ఆయన క్షమించిన చోట శిక్షించడానికి మనల్ని ఎవరు నియమించారు? అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకూ ముందు నడవకండి, ఇది ఈ సూరా మొదటి ఆయతే కదా! 2011 జనవరి 4న పాకిస్తాన్‌లోని పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. దైవదూషణ కేసులో మరణశిక్ష పడిన ఆసియా బీబీ అనే పేద క్రైస్తవ స్త్రీ తరఫున మాట్లాడటమే ఆయన నేరం. హంతకుడి మీద న్యాయవాదులు పూలు చల్లారు. 2018 అక్టోబరు 31న ఆ దేశ సుప్రీంకోర్టే ఆసియా బీబీని నిర్దోషి అని విడుదల చేసింది. ఆ పూలు చల్లిన చేతులు ఇప్పుడు దుఆకు (ప్రార్థనకు) ఎలా లేస్తాయి?

స్వేచ్ఛ అన్న మాట వినగానే మనవాళ్లు అది పడమటి దేశాల సరుకు అంటారు. పన్నెండో ఆయతు చూడండి: అనుమానాలకు దూరంగా ఉండండి, రహస్యాలు తవ్వకండి. ఖలీఫాగా ఉన్న ఉమర్ ఒక రాత్రి ఒక ఇంట్లో తప్పు జరుగుతోందని గోడ దూకి లోపలికి వెళ్లారట. నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు అన్నాడు ఆ ఇంటాయన. గూఢచర్యం చేశారు, ద్వారం వదిలి గోడ దూకారు, సలాం చెప్పి అనుమతి అడగలేదు; మూడూ ఖురాన్ వద్దన్నవే. ఉమర్ మారు మాట్లాడకుండా వెనుదిరిగారని కథనం. ఒక మనిషి గడప లోపల అల్లాహ్ ఇచ్చిన స్వేచ్ఛ అది, ఖలీఫాకు కూడా దాటే హక్కు లేదు. ఇప్పుడు మన కుర్రాళ్లు పక్కవాడి ఫోను గోడ దూకి, ఏం రాశాడో తవ్వి తీసి, పదిమందికి పంపి ధర్మం నిలబెట్టామనుకుంటున్నారు.

పాకిస్తాన్ పుట్టకముందే 1947 ఆగస్టు 11న జిన్నా రాజ్యాంగ సభలో నిలబడి, మీ గుళ్లకు వెళ్లడానికి మీరు స్వేచ్ఛగా ఉన్నారు, మీ మస్జిదులకు, మరే ప్రార్థనా స్థలానికైనా వెళ్లడానికి స్వేచ్ఛగా ఉన్నారు అని చెప్పారు. ఆ తేదీని వాళ్లు మైనారిటీల దినంగా జరుపుకుంటారు. 2023లో అది జరుపుకున్న ఐదు రోజులకే, ఫైసలాబాద్ జిల్లా జరన్‌వాలాలో చర్చిలు, క్రైస్తవుల ఇళ్లు తగలబడ్డాయి. అక్కడా ఖురాన్ పేజీలను అవమానించారన్న వార్తే!

పరాయివాడితో మొదలైన అసహనం ఇంట్లోకి రాకుండా ఉంటుందా? 2013 జనవరిలో పాకిస్తాన్‌లోని క్వెట్టాలో బాంబు పేలుళ్లకు బలైన హజారా జాతి షియా ముస్లింల కుటుంబాలు, ఎముకలు కొరికే చలిలో శవపేటికలతో రోడ్డు మీద కూర్చుని, పాతిపెట్టబోమని మొండికేశాయి. చంపింది కూడా కలిమా (ఇస్లాం విశ్వాస వచనం) చదివేవాళ్లే. తొమ్మిదో ఆయతులో అల్లాహ్ విశ్వాసుల్లో రెండు వర్గాలు కొట్లాడుకుంటే వారి మధ్య రాజీ చేయండి అంటాడు. కొట్లాటలో ఉన్న ఇద్దరినీ విశ్వాసులనే పిలిచాడు, గమనించారా? కాఫిర్ (అవిశ్వాసి) అని ముద్ర వేసే కలం ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఇదంతా ఎక్కడో పొరుగు దేశం గొడవ అనుకునేవారికి ఒక మాట. మనం ఇక్కడ కొద్దిమందిమి. గుంపు కోపానికి, పుకారు వార్తకు బలికావడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మన మీద పడితే అన్యాయమన్నది మనవాళ్లు చేస్తే గైరత్ (ధర్మాభిమానం) ఎలా అవుతుంది? అల్లాహ్‌ను కాదని వాళ్లు వేడుకునే వారిని దూషించకండి అని సూరా అన్ఆమ్ నూట ఎనిమిదో ఆయతు ఆజ్ఞాపిస్తోంది. మన నోటికీ హద్దు ఉంది. మిలాద్ రోజున పెద్ద పెద్ద సౌండు బాక్సులు పెట్టి, ఆసుపత్రి ముందు నుంచి కూడా ఇళ్ల కిటికీలు అదిరేలా నాత్‌లు (ప్రవక్త స్తుతి గీతాలు) మోగిస్తూ పోయే పిల్లలారా, మీరు ఎవరి పుట్టుక జరుపుకుంటున్నారో ఆయన దగ్గర ఉమర్ గుసగుసలాడారు!

ప్రవక్త పుట్టిన నెల రబీఉల్ అవ్వల్‌లో మొదటి జుమా (శుక్రవారం నమాజు)లో ఖతీబులు (ప్రసంగించేవారు) ఈ సూరా మొదటి ఆరు ఆయతులూ వరసగా చదవాలి. అర్థం తెలుగులో చెప్పాలి. సియాల్‌కోట్, మర్దాన్, రామూ పేర్లు తీసి మరీ చెప్పాలి. మీ మస్జిదులో చెప్పకపోతే నమాజు అయ్యాక ఇమాం సాబ్ దగ్గరికి వెళ్లి అడగండి. మెల్లగా అడగండి, వచ్చే వారం మళ్లీ అడగండి.