జమ్మి ఆకు ఎక్కడికి పోతుంది?

దసరా సాయంత్రం మా కాలనీ గుడిలో ఈ శ్లోకం కాగితం మీద రాసి జమ్మి కొమ్మకు కడతాం.

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

తర్వాత ఆకులు పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి పోతాం. మా అమ్మమ్మ చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కితే "బంగారం లెక్క బతుకు బిడ్డా" అనేది. గోటి కన్నా చిన్న ఆకు బంగారమేంటని అప్పట్లో నవ్వొచ్చేది.

చెట్టు సంగతి తెలిశాక ఆ నవ్వు పోయింది. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా, ఏ చెట్టూ దాన్ని నేరుగా తీసుకోలేదు. జమ్మిది పప్పుజాతి. పల్లీ చెట్టు పీకితే వేళ్లకు బుడిపెలు కనబడతాయి చూడండి, అలాంటివే దీనికీ ఉంటాయి. వాటిలోని బ్యాక్టీరియా గాలి నత్రజనిని చెట్టు వాడుకునేలా మార్చి ఇస్తుంది, చెట్టు దానికి చక్కెర పెడుతుంది. అదే నత్రజని ఆకులోకి చేరుతుంది. ఆకు రాలితే చెదలు, వానపాములు, బూజు పంచుకుని తిని మట్టికి అప్పజెబుతాయి. మేక మేసినా పెంటై చేనుకే చేరుతుంది. రాజస్థాన్ రైతులు సజ్జ చేలల్లో జమ్మిని నరక్కుండా ఉంచడానికి ఇదీ ఒక కారణం. 1730లో అక్కడి ఖేజర్లీ అనే ఊళ్లో ఈ చెట్లను నరకనీయకుండా అడ్డుపడి అమృతాదేవి సహా 363 మంది బిష్ణోయీలు (చెట్లనూ జంతువులనూ కాపాడటం ధర్మంగా పాటించేవాళ్లు) ప్రాణాలిచ్చారు.

దసరా రోజే పాలపిట్టను చూస్తే శుభమంటారు. మిడతలు, పురుగులు, తొర్ర ఉన్న ముసలి చెట్టు ఉంటేనే అది బతుకుతుంది. కాబట్టి అది కనబడిందంటే ఆ నేల బాగున్నట్టేనని నా లెక్క. దాన్ని పంజరంలో పెట్టి డబ్బులకు చూపించడం మాత్రం నాకు మింగుడుపడదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు జమ్మి చెట్టు కనబడటమే గగనం. ఉన్న ఒక్కదాని మీదా అందరం పడతాం. పోయినేడు రాత్రి పదయ్యేసరికి మా గుడి చెట్టు మోడైంది. నేనూ ఓ రెమ్మ విరిచినవాణ్ణే.

అమ్మమ్మ మర్నాడు ఇంట్లో జమ్మి ఆకులన్నీ ఏరి తులసికోటలో వేసేది. తొక్కొద్దని అలా చేస్తుందనుకునేవాణ్ణి. కూకట్‌పల్లి ఫ్లాట్ బాల్కనీలో ఇప్పుడు నేనూ కుండీలోనే వేస్తున్నా. మొన్న వెతికితే పోయిన దసరా ఆకు ఒక్కటీ దొరకలేదు. వేలితో మట్టి కదిపితే సన్నటి వానపాము ఒకటి, దాని చుట్టూ టీపొడిలాంటి నల్లటి గుళికలు.